దూడల పారుడు: రోటా వైరస్సా, కరోనా వైరస్సా?

కోనసీమ కొబ్బరితోటల్లోని పాకలో, పుట్టిన వారం పది రోజులకే ముర్రా దూడ పసుపుపచ్చగా నీళ్ల విరేచనం చేసుకుంటూ, తోకంతా తడిసి, తల్లి పొదుగు వైపు తిరగకుండా పడుకుందంటే, బాక్టీరియాతోపాటు రోటా, కరోనా అనే రెండు వైరస్‌లను కూడా అనుమానించాలి.

రోటా ఎక్కువగా మొదటి రెండు వారాల్లో కనిపిస్తుంది. చిన్నపేగు లోపల ఆహారాన్ని పీల్చుకునే సన్నని వేళ్లలాంటి చూషకాల కొనలను దెబ్బతీయడం వల్ల పాలు అరగక నీళ్లుగా పోతాయి. కరోనా (ఇది మనుషుల కోవిడ్ వైరస్ కాదు) పెద్దపేగునూ వదలదు కనుక పేడలో జిగురు, ఒక్కొక్కసారి రక్తపు చారలు కనిపించి, కోలుకోవడం ఆలస్యమవుతుంది. అయినా కంటితో చూసి తేల్చలేము. పేడ నమూనా పరీక్ష కావలసిందే.

శుభ్రత విషయంలో మాత్రం నా దృష్టిలో రోటాయే మొండిది. కరోనాకు ఉన్న కొవ్వు పొరను సబ్బు కరిగిస్తుంది. ఆ పొర లేని రోటా పేడలో నెలల తరబడి నిలుస్తుంది, డెల్టా పాకల్లో నేల ఆరేదీ తక్కువే.

చికిత్స రెండింటికీ ఒకటే. యాంటీబయాటిక్ వైరస్‌ను చంపదు. పోయిన నీటిని, లవణాలను తిరిగి అందించాలి, పాలు మాన్పించరాదు. కళ్లు గుంటపడి, మెడ చర్మాన్ని లాగి వదిలినా మడత నిలిచి ఉంటే పశువైద్యుడు సెలైన్ ఎక్కించాలి. ఇక ముందుజాగ్రత్తగా, 30 కిలోల దూడకు పుట్టిన తొలి గంటల్లోనే సుమారు 3 లీటర్ల ముర్రుపాలు పట్టాలి. ఇరుగుపొరుగుకు జున్ను పంచడం ఆ తరువాతే.