డెత్ ఆన్ ద నైల్ (2022): మళ్లీ మళ్లీ చూశాక

ముందే చెప్తున్నా, హంతకులెవరో ఇందులో తెలిసిపోతుంది. కథ తెలియనివాళ్లు 1937 నాటి అగాథా క్రిస్టీ నవల చదువుకుని రండి.

కెన్నెత్ బ్రానా డిటెక్టివ్ హెర్క్యూల్ పాయిరోగా నటించి, తనే తీసిన రెండో సినిమా ఇది. 2017లో వచ్చిన మొదటిదాని చివర్లో నైలు మీద హత్య జరిగిందని ఒకాయన పాయిరోను పిలుచుకుపోయేదానికి వస్తాడు. తీరా ఈ సినిమాలో చూస్తే హత్య జరగకముందే పాయిరో ఈజిప్టులో ఉంటాడు. తాము వేసిన ముడిని తామే మర్చిపోయారు.

చూసేదానికి బాగుంది, అందులో అనుమానం లేదు. 65 ఎంఎం ఫిల్ము మీద తీశారు. బట్టలు, నగలు, పడవలోని సామాను అన్నీ దివ్యంగా ఉంటాయి. నది మాత్రం నది మాదిరి లేదు. 1978లో ఇదే కథతో పీటర్ ఉస్తినోవ్ పాయిరోగా చేసిన సినిమాను ఈజిప్టుకే పోయి నిజం స్టీమర్ మీద తీశారు. దీనికి ఇంగ్లండు స్టూడియోలో పడవ కట్టి, చుట్టూ నీళ్లనూ ఆకాశాన్నీ కంప్యూటర్లో అతికించారు. పెద్ద టీవీలో చూస్తే మనుషుల మీద పడే వెలుతురుకూ వెనకున్న గట్టుకూ పొంతన కుదరదు.

అదొక్కటే అయితే సర్దుకోవచ్చు. ఈ కథ మొత్తం నిలబడేది కొద్ది నిమిషాల లెక్క మీద. సైమన్, అతని పాత ప్రియురాలు జాకెలిన్ కుమ్మక్కై వేసిన పథకం ఇది. పడవలో అందరూ కూర్చునే హాలు, అంటే సెలూన్‌లో జాకెలిన్ సైమన్‌ను కాలుస్తుంది, గుండు తగలదు. తగిలినట్టు అతను కాలు పట్టుకుని కూలబడి ఎర్రరంగు పూసుకుంటాడు. తక్కినవాళ్లు ఆమెను పట్టుకుని గదికి చేర్చి డాక్టర్ని పిలుచుకొచ్చే లోపల పడవ మీద పరుగెత్తి, నిద్రలో ఉన్న భార్య లిన్నెట్‌ను కాల్చి, తిరిగొచ్చి, చప్పుడు బయటికి రాకుండా తుపాకీకి గుడ్డ చుట్టి తన కాలు తనే కాల్చుకుంటాడు. దీన్ని మనం నమ్మాలంటే సెలూన్ నుంచి ఆ గదికి దారెటు, అప్పుడు ఎవరెక్కడ ఉన్నారు, సైమన్ ఒంటరిగా ఎంతసేపున్నాడు అన్నవి ముందే మన బుర్రలో ఉండాలి. నవల్లో గదుల పటమే వేసి చూపించారు. ఇక్కడ కెమెరా అద్దాల చుట్టూ తిరగతానే ఉంటుంది గానీ, ఎన్నిసార్లు చూసినా పడవ నమూనా అంతుపట్టదు. చివర్లో పాయిరో విడమరిచి చెప్తే సరేలే అనుకుంటాం. ‘ఛ, ఇంత ఎదురుగా ఉన్నా తట్టలేదే’ అని మాత్రం అనిపించదు.

తిరుపతి బస్టాండులో కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవల కొని, బస్సు చిత్తూరు చేరేలోపు హంతకుణ్ణి పట్టేయాలని చూసిన పాఠకులకు ఆ ‘ఛ’ విలువ తెలుసు.

ఆధారాలనూ ఇట్లాగే చేశారు. నవల్లో లిన్నెట్ దగ్గర రెండు గోళ్లరంగు సీసాలుంటాయి. గులాబీ రంగని రాసున్న సీసా అడుగున మిగిలింది సైమన్ రక్తంలాగా పూసుకున్న ఎర్రసిరా. అది పాఠకుడి కళ్లెదురుగానే ఉంటుంది. సినిమాలో ఆ సీసా చిత్రకారిణి యూఫీమియా పోగొట్టుకున్న రంగు ట్యూబు అయింది. ఆలోచన తెలివైందే, కానీ ట్యూబు పోయిందన్న మాట అక్కడి గోలలో కొట్టుకుపోతుంది.

మరి ఉన్న 127 నిమిషాలూ ఎక్కడ ఖర్చయ్యాయంటే, మొదట 1914 యుద్ధం, ముఖమ్మీది గాయాన్ని దాచేదానికి పాయిరో మీసం పెంచడం, ఆ తర్వాత లండన్ క్లబ్బులో డాన్సు. క్రిస్టీ పాయిరో బెల్జియం పోలీసు, మీసం ఆయన దర్జా. దాన్ని కన్నీటి కథ చేయాల్సిన పనేముందో! దాంతో అనుమానితులకు తలా ఒక డైలాగు మిగిలింది. హిందీ నటుడు అలీ ఫజల్ కోసం చూసేవాళ్లకూ నిరాశే. నవల్లో లిన్నెట్ ఆస్తి చూసే పెన్నింగ్టన్ స్థానంలో ఆమె బంధువు పాత్ర ఇచ్చి, అబూ సింబెల్ గుడి దగ్గర ఆమె మీదికి రాయి దొర్లించింది నేనేనని ఒప్పించి పక్కన పెట్టేశారు.

పనిచేసిన మార్పు ఒకటుంది. నవల్లో హంతకుల పేరు చెప్పబోతూ చచ్చేది రచయిత్రి సలోమీ ఆటర్‌బోర్న్. ఇక్కడ ఆ చావు పాయిరో స్నేహితుడు బూక్‌కు పడింది. అతను మొదటి సినిమా నుంచీ తెలిసినవాడు కాబట్టి దెబ్బ గట్టిగా తగులుతుంది. జాకెలిన్‌గా ఎమ్మా మాకీ కూడా బాగా చేసింది. ఆమె మూలంగానే రెండోసారి చూడగలం.

ఇంకా చూడనివాళ్లు 1978 దానితో మొదలుపెట్టండి. అందులోనూ హత్య ఆలస్యంగానే జరుగుతుంది గానీ, ఆ లోపల ఎవరికి ఎందుకు పగో ఒక్కొక్కరిదీ తెలిసిపోతుంది. అంత తీరిక లేకపోతే 2004లో డేవిడ్ సూషే పాయిరోగా చేసిన టీవీ భాగం చూడొచ్చు, లిన్నెట్‌గా ఎమిలీ బ్లంట్ ఉంది. బ్రానాదే కావాలంటే దీన్ని దాటేసి 2023 నాటి ‘ఎ హాంటింగ్ ఇన్ వెనిస్’కు పోండి. ఒకే ఇల్లు, ఒకే రాత్రి కావడంతో ఎవరెక్కడున్నారో అందులో తెలుస్తుంది.