సెల్యులైట్ నూనె కిట్ కొనేముందు ఇది చదవండి, నా తొడలు కాలిపోయాయి

తొడల మీద పడే గుంటలు, అదే సెల్యులైట్, పోగొడుతుందని అమ్మే ఆ కాఫీ స్క్రబ్, నూనె కిట్ గురించే చెప్తున్నాను. రోజూ రీల్స్ పెట్టి దాన్ని అమ్మే ఆవిడ, మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1,499 రూపాయలు, క్యాష్ ఆన్ డెలివరీ లేదు, డబ్బు ముందే పంపాలి. పంపాను.

రెండో కాన్పు తర్వాత నాకు తొడల వెనక గుంటలు బాగా కనిపిస్తున్నాయి. కాఫీ పొడి కొబ్బరి నూనెలో కలిపి ఇంట్లోనే రెండు నెలలు రుద్దుకున్నాను. చర్మం మెత్తబడింది కానీ గుంటలు పోలేదు. మీ ఇంటి చిట్కాలో లేని మూలిక మా నూనెలో ఉందని ఆవిడ అంటే నమ్మేశాను.

రాసుకుని, ఆవిడ చెప్పినట్టే పైన ప్లాస్టిక్ కవర్ చుట్టుకుని కూర్చున్నాను. పది నిమిషాలకే మంట మొదలైంది. మెసేజ్ పెడితే "మంట పుడితేనే కొవ్వు కరుగుతున్నట్టు, ఓర్చుకోండి అక్కా" అంది. ఓర్చుకున్నాను. ఒక్క రోజు కాదు, మూడు రోజులు. నా ఒళ్ళు వద్దు వద్దంటుంటే ఆవిడ మాట విన్నందుకు నా మీద నాకే కోపంగా ఉంది. మూడో రోజు రాత్రికి రెండు తొడల మీదా బొబ్బలు లేచాయి, నైటీ తగిలినా ప్రాణం పోయేది.

ఫోటో పంపాను. గంట తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది. ఫోన్ స్పీకర్‌లో ఉందని చూసుకోలేదు, మా అత్తగారు హాల్లోనే కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. "ఇంతమంది వాడారు, ఎవరికీ ఏం కాలేదు. మీ స్కిన్‌లోనే ప్రాబ్లమ్. ముందు తిండి తగ్గించుకోండి, తర్వాత నూనె మీద పడండి." వెనక ఎవరో నవ్వడం కూడా వినిపించింది. అత్తగారు చేతిలో కాయ అలాగే పట్టుకుని ఆగిపోయారు, ఒక్క మాట అనలేదు. నేను బదులు టైప్ చేసేలోపే ఆవిడ నన్ను బ్లాక్ చేసేసింది.

ఫిర్యాదు కోసం సీసా ఫోటో తీయబోతే నూనెకి తడిసిన లేబుల్ ఒక మూల లేచింది. లాగితే కింద ఇంకో లేబుల్ ఉంది: మోకాళ్ళ నొప్పుల తైలం! కర్పూరం వాసన ఎందుకు అంత ఘాటుగా వచ్చిందో అప్పుడు అర్థమైంది. బ్యాచ్ నంబరు లేదు, లైసెన్సు నంబరు లేదు, తయారుచేసిన వాళ్ళ చిరునామా లేదు.

స్కిన్ డాక్టర్ దగ్గర ఇంకో రెండు వేలు అయ్యాయి. ఘాటు నూనె మీద ప్లాస్టిక్ చుట్టడంతో అది చర్మంలోకి ఇంకా ఎక్కువ దిగిందట. ఆ డాక్టర్ చెప్పిన మాట మీరూ వినండి. దూది పరుపు మీద కుట్టు వేసిన చోట లోపలికి గుంట పడి, పక్కన దూది ఉబ్బుతుంది కదా. చర్మాన్ని కింద కండరంతో కలిపి పట్టుకునే పోగులు కూడా అలాగే లాగుతాయి, వాటి మధ్య కొవ్వు ఉబ్బుతుంది. సన్నగా ఉన్న ఆడవాళ్ళకీ వస్తుంది, అది జబ్బు కాదు. పైన రాసే ఏ నూనే ఆ పోగుల్ని తెంపలేదు. కాఫీలోని కెఫీన్ వల్ల చర్మం కాసేపు బిగుతుగా కనిపిస్తుంది, అంతే. వ్యాయామంతో తొడ కండ గట్టిపడితే గుంటలు కొంచెం తక్కువగా కనిపించవచ్చట, పూర్తిగా మాత్రం పోవు.

ఏది రాసుకున్నా ముందు మోచేతి లోపల కొంచెం రాసి ఒక రోజు ఆగండి. మంట పుడితే వెంటనే కడిగేయండి. లైసెన్సు నంబరు లేని సీసా కొనకండి. మోసపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, నేను నిన్ననే చేశాను. సగం నూనె ఇంకా సీసాలో ఉంది, రెండు లేబుళ్ళతో సహా బీరువాలో పెట్టి తాళం వేశాను.