పోస్టెకోగ్లునా, పొపోవిచా: ఎవరికి దక్కాల్సినంత దక్కలేదు?

మెల్‌బోర్న్‌లో, సిడ్నీలో ఉన్న తెలుగు మిత్రులు 2025 మే నెల నుంచి నన్ను అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ కోచ్ ఏంజ్ పోస్టెకోగ్లు ఇంగ్లండ్ క్లబ్బు టాటెన్‌హామ్‌కు యూరప్ క్లబ్బుల కప్పుల్లో ఒకటైన యూరోపా లీగ్ గెలిచి ఇచ్చాడు. పదహారు రోజులకే క్లబ్బు అతణ్ని సాగనంపింది. ఆ ఏడాది బాలన్ డి ఓర్ వేడుకలో ఉత్తమ కోచ్ బహుమతి కోసం ఎంచిన అయిదుగురిలో అతడి పేరు కనిపించలేదు. ఇది అన్యాయం కాదా అంటారు మెల్‌బోర్న్ వాళ్లు. సిడ్నీ పడమటి శివార్లలో ఉండేవాళ్లు వెంటనే అందుకుంటారు. అన్యాయమంటే టోనీ పొపోవిచ్‌కు జరిగిందే, ఆసియా చాంపియన్స్ లీగ్ గెలిచిన ఏకైక ఆస్ట్రేలియా క్లబ్బును నడిపించినవాడు అతడే కదా అంటారు. ఒక్కొక్కరికీ విడిగా బదులివ్వడం కంటే ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూడటమే మేలనిపించింది.

ముందు ఒక మాట స్పష్టం చేయాలి. ఇద్దరికీ ఏమీ దక్కలేదనడం నిజం కాదు. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ కోచ్ అవార్డు 2014లో పొపోవిచ్‌కు, 2015లో పోస్టెకోగ్లుకు వచ్చింది. రెండోది ప్రకటించిన వేడుక జరిగింది మన ఢిల్లీలోనే. స్కాట్లండ్ ఆటగాళ్ల సంఘం పోస్టెకోగ్లును వరుసగా రెండు సీజన్లు ఉత్తమ మేనేజర్‌గా ఎన్నుకుంది. 2023 ఫిఫా ఉత్తమ కోచ్ పోటీలో గార్డియోలా, ఇన్జాగీ, స్పలెట్టీ, జావీల సరసన అయిదో పేరు అతడిదే. అయితే చేసిన పనికి దక్కినది సరితూగిందా అన్నది వేరే లెక్క. నా దృష్టిలో ఆ లెక్క తేల్చేవి రెండే. జట్టు చేతికి వచ్చిన రోజున అక్కడ ఏముంది? అతడు వెళ్లిపోయాక అక్కడ ఏం మిగిలింది?

అవార్డులు ఈ రెండూ అడగవు. అవి ఒక సీజన్ తీసుకుని ఆ సీజన్‌లో ఎవరు గెలిచారో చూస్తాయి. పునాది తవ్విన ఏడాదికి అక్కడ విలువ లేదు. హైదరాబాదు వాళ్లకు ఈ బాధ కొత్త కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం గారు 1956 ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానం దాకా తీసుకెళ్లారు. ఆ క్వార్టర్ ఫైనల్‌లో మనవాళ్లు 4-2తో ఓడించింది ఆస్ట్రేలియానే, అదీ మెల్‌బోర్న్‌లోనే, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో. 1962 ఆసియా క్రీడల ఫైనల్‌లో ఆయన జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు. మన దేశంలో కోచ్‌ల కోసం ద్రోణాచార్య అవార్డు పెట్టింది 1985లో. ఇది తెలిసినవాడిని కాబట్టే కోచ్‌ల గుర్తింపు సంగతి వచ్చినప్పుడు నేను పట్టనట్టు ఉండలేను.

ఇక పొపోవిచ్. 2012 మేలో వెస్టర్న్ సిడ్నీ బాధ్యత తీసుకునేనాటికి ఆ క్లబ్బుకు వాండరర్స్ అన్న పేరు కూడా ఖరారు కాలేదు. ఆటగాళ్లను ఒక్కొక్కరిగా వెతికి పోగుచేసుకున్నాడు. ఆ మొదటి సీజన్‌లోనే జట్టు లీగ్ పట్టికలో అగ్రస్థానంలో నిలిచింది. 2014 ఆసియా చాంపియన్స్ లీగ్‌లో అయితే క్వార్టర్ ఫైనల్‌లో ఎదురైంది చైనా క్లబ్బు గ్వాంగ్‌జౌ ఎవర్‌గ్రాండే, అంటే అప్పటి ఆసియా విజేత. దాని కోచ్ ఇటలీకి ప్రపంచకప్ తెచ్చిన మార్చెల్లో లిప్పీ. దాన్ని దాటారు. సెమీస్‌లో సియోల్‌ను దాటారు. ఫైనల్ మొదటి అంచెలో సొంతగడ్డపై సౌదీ క్లబ్బు అల్ హిలాల్‌పై టోమీ యురిచ్ వేసిన ఒక్క గోల్‌ను పట్టుకుని, రియాద్‌లో కిక్కిరిసిన స్టేడియంలో తొంభై నిమిషాలు కాపాడుకున్నారు. గోల్‌కీపర్ ఆంటే చోవిచ్ ఆ రాత్రి ఆపిన బంతులను ఆ అభిమానులు ఇప్పటికీ వరుసగా చెప్పగలరు. రెండేళ్ల వయసున్న క్లబ్బు ఆసియా విజేత అయింది.

మొదటి కొలతలో పొపోవిచ్‌ను మించినవాడు లేడు. ఏమీ లేని చోట మొదలుపెట్టాడు. రెండో కొలత దగ్గరే నాకు ఇబ్బంది. ఆసియా కప్పు ఎత్తిన అదే 2014-15 సీజన్‌లో వాండరర్స్ దేశవాళీ లీగ్‌లో పది జట్లలో తొమ్మిదో స్థానానికి పడిపోయింది. ప్రయాణాల అలసట, చిన్న బృందం, వెళ్లిపోయిన ఆటగాళ్లు, ఇలా కారణాలు ఉన్నాయి, నేను కాదనను. తర్వాతి సీజన్‌లోనే మళ్లీ గ్రాండ్ ఫైనల్‌కు, అంటే ఆస్ట్రేలియా లీగ్ విజేతను తేల్చే మ్యాచ్‌కు, చేర్చాడు కూడా. కానీ ఆ ఫైనల్ ఓడారు. 2013, 2014, 2016లో వాండరర్స్‌తో, 2019లో పెర్త్‌తో, 2024లో మెల్‌బోర్న్ విక్టరీతో, మొత్తం అయిదు గ్రాండ్ ఫైనల్స్‌లో అతడికి ఓటమే మిగిలింది. అయిదు ఓటములను అతడిపై మచ్చగా చూపేవాళ్లతో నేను ఏకీభవించను. మూడు వేర్వేరు క్లబ్బులను ఫైనల్ దాకా చేర్చడమే గొప్ప. 2024 సెప్టెంబరులో తడబడుతున్న జాతీయ జట్టును అందుకుని, పెర్త్‌లో జపాన్‌పై, జెడ్డాలో సౌదీపై గెలిపించి 2026 ప్రపంచకప్‌కు నేరుగా చేర్చిన తీరు కూడా గట్టి పనే. ఒకే ఒక్క విజయాన్ని తూకం వేస్తే ఆస్ట్రేలియా కోచ్‌లందరిలో 2014 పొపోవిచ్‌దే పైచేయి అంటాను.

పోస్టెకోగ్లు కథలో పెద్దదిగా అందరూ చెప్పుకునేది బిల్‌బావో రాత్రి, అంటే ఆ యూరోపా లీగ్ ఫైనల్. నాకు పెద్దదిగా కనిపించేది జపాన్‌లోని యొకొహామా.

ముందు నేపథ్యం రెండు ముక్కల్లో. ఏథెన్స్‌లో పుట్టి, అయిదేళ్ల వయసులో కుటుంబంతో ఓడలో మెల్‌బోర్న్ చేరిన పిల్లవాడు. గ్రీకు వలసదారుల క్లబ్బు సౌత్ మెల్‌బోర్న్‌కు కెప్టెన్ అయ్యాడు. అక్కడ కోచ్‌గా వచ్చిన మహా ఆటగాడు ఫెరెంక్ పుష్కాష్ గారికి గ్రీకు వచ్చు. ఆయన మాటలను జట్టుకు ఇంగ్లీషులో చెప్పడం, ఆయన్ను కారులో తిప్పడం ఈ కుర్రాడి పని. దాడి చేసే ఆటపై మక్కువ అక్కడే అంటుకుంది. తర్వాత ఆస్ట్రేలియా క్లబ్బు బ్రిస్బేన్ రోర్‌ను వరుసగా 36 మ్యాచ్‌లు ఓడకుండా నడిపాడు. 2013 అక్టోబరులో జాతీయ జట్టు చేతికొచ్చేసరికి అది బ్రెజిల్ చేతిలో 6-0, ఫ్రాన్స్ చేతిలో 6-0 ఓడి ఉంది. మరుసటి ఏడాది ప్రపంచకప్‌లో మూడు మ్యాచ్‌లూ ఓడారు. 2015 జనవరిలో సిడ్నీలో దక్షిణ కొరియాను అదనపు సమయంలో 2-1తో ఓడించి ఆసియా కప్ ఎత్తారు. రహీం గారి ఫైనల్‌లో ఉన్న ప్రత్యర్థే, అదే స్కోరు. ఆ పోలిక నా మనసులో ఎప్పుడూ మెదులుతుంది.

ఇప్పుడు యొకొహామా. 2018లో అక్కడి క్లబ్బు ఎఫ్ మారినోస్ బాధ్యత తీసుకున్నాడు. ఎక్కువ గోల్స్ ఇవ్వకుండా కాచుకుని ఆడే జట్టుగా దానికి పేరు. ఇతడు వచ్చి డిఫెండర్లను మైదానం మధ్య గీత దాకా తోశాడు. వింగ్ డిఫెండర్లు లోపలికి వచ్చి మిడ్‌ఫీల్డర్లలా ఆడాలి. గోల్‌కీపర్ పెనాల్టీ బాక్సు బయట నిలబడాలి. ఆ ఏడాది వాళ్లు గోల్స్ దండిగా వేశారు, దాదాపు అన్నే ప్రత్యర్థులకూ ఇచ్చారు. సీజన్ ముగిసేసరికి 41 పాయింట్లతో పన్నెండో స్థానం. అదే 41 పాయింట్లు ఉన్న జట్లు మొత్తం అయిదు. వాటిలో చివరిది కింది డివిజన్‌కు జారిపోకుండా కాపాడుకునే ప్లేఆఫ్ ఆడాల్సి వచ్చింది. మారినోస్‌ను అక్కడి నుంచి తప్పించింది గోల్స్ తేడా మాత్రమే.

ఏ అవార్డు సంఘమూ ఆ ఏడాది వైపు చూడదు. చాలామంది కోచ్‌లు ఆ చలికాలంలో పద్ధతి మార్చేస్తారు, లేదా క్లబ్బే కోచ్‌ను మార్చేస్తుంది. పోస్టెకోగ్లు ఒక్క అడుగు వెనక్కి వేయలేదు. 2019 డిసెంబరు 7న, చివరి మ్యాచ్‌లో, 63 వేల మందికి పైగా ప్రేక్షకుల ముందు ఎఫ్‌సీ టోక్యోను 3-0తో ఓడించి మారినోస్ లీగ్ గెలిచింది, పదిహేనేళ్ల తర్వాత. 2021 మధ్యలో అతడు స్కాట్లండ్ క్లబ్బు సెల్టిక్‌కు వెళ్లిపోయాడు. అతడి స్థానంలోకి వచ్చిన కెవిన్ మస్కట్ అదే బాటలో నడిపించి 2022లో మళ్లీ లీగ్ గెలిచాడు. చేతికి వచ్చినప్పుడు ఏముంది, వెళ్లాక ఏం మిగిలింది అన్న నా రెండు కొలతలకూ ఇంత నిండుగా నిలిచిన పని ఆస్ట్రేలియా కోచ్‌లలో మరొకరిది నాకు కనబడలేదు.

సెల్టిక్‌లోనూ అంతే. అంతకు ముందు సీజన్‌లో రేంజర్స్ కంటే 25 పాయింట్లు వెనకబడిన జట్టు అది. సహాయకులను ఎవరినీ వెంట తెచ్చుకోకుండా ఒంటరిగా వచ్చాడు. మొదటి ఆరు లీగ్ మ్యాచ్‌లలో మూడు ఓడాడు. ఆ తర్వాత లీగ్‌లో ఓటమి లేకుండా టైటిల్ దాకా వెళ్లాడు. రెండేళ్లలో దేశవాళీ ట్రోఫీలు ఆరింటిలో అయిదు గెలిచాడు. అతడు వెళ్లిన మరుసటి ఏడాది కూడా లీగ్ సెల్టిక్‌దే.

ఇక మిత్రులను మండిస్తున్న 2025 సంగతి. ఇక్కడ నేను వాళ్లతో పూర్తిగా కలవలేను. టాటెన్‌హామ్ ఆ సీజన్‌లో 38 లీగ్ మ్యాచ్‌లలో 22 ఓడింది. పదిహేడో స్థానం, జారిపోయే గీతకు ఒక్క మెట్టు పైన. గాయాలు జట్టును కుదేలు చేసిన మాట నిజం. ఫైనల్‌కు కూడా మాడిసన్, కులుసేవ్‌స్కీ, బెరివాల్ లేరు. అయినా సీజన్ మొత్తానికి ఉత్తమ కోచ్ అన్నప్పుడు 22 ఓటములను పక్కన పెట్టమని ఎవరినీ అడగలేం. లీగ్ గెలిచిన ఆర్నె స్లాట్‌ను, యూరప్ చాంపియన్స్ లీగ్ తెచ్చిన లూయిస్ ఎన్రికేను దాటి అతడికి బహుమతి ఇవ్వమనడం న్యాయం కాదు.

అయిదుగురి జాబితాలో చోటు మాత్రం ఇవ్వాల్సింది. 2008 నుంచి ఆ క్లబ్బు ఒక్క ట్రోఫీ చూడలేదు. యూరప్ కప్పు చూసి 41 ఏళ్లు. అతడికి ముందు పేరుమోసిన కోచ్‌లు ఎందరో వచ్చి వెళ్లారు. రెండో ఏడాది ఎప్పుడూ ఏదో ఒకటి గెలుస్తానని 2024 శరత్కాలంలో అన్నందుకు అతణ్ని నెలల తరబడి ఎగతాళి చేశారు. ఫైనల్‌లో ఈ దాడి ఆట మనిషే బ్రెనన్ జాన్సన్ గోల్ తర్వాత జట్టును వెనక్కి లాగి కాపాడుకున్నాడు. గీత మీద నుంచి వాన్ డి వెన్ గాల్లోకి లేచి బంతిని తన్నేసిన క్షణం అందులోదే. జీవితమంతా ఒకే పద్ధతిని పట్టుకున్నవాడు, క్లబ్బుకు ఒక్క రాత్రి వేరే ఆట అవసరమైనప్పుడు ఆ ఆట ఆడించాడు. నాకు దానిపై గౌరవం పెరిగింది.

అతడి లోటు కూడా చెప్పాలి. 2017 నవంబరులో ప్రపంచకప్ అర్హత సాధించిన వారానికే జాతీయ జట్టును వదిలేశాడు. నా రెండో కొలతలో అది గట్టి దెబ్బ. టాటెన్‌హామ్ తర్వాత మరో ఇంగ్లండ్ క్లబ్బు నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌లో 39 రోజులు, ఎనిమిది మ్యాచ్‌లు, ఒక్క గెలుపూ లేదు. అయితే పద్ధతి నాటడానికి సమయం కావాల్సిన కోచ్‌కు 39 రోజుల్లో ఏం వస్తుందో 2018 యొకొహామాయే చూపించింది.

మిగతావాళ్ల గురించి క్లుప్తంగా. గ్రాహమ్ ఆర్నాల్డ్ 2022 ప్రపంచకప్‌లో ట్యునీషియా, డెన్మార్క్‌లను ఓడించి చివరి పదహారులోకి చేర్చాడు, దానికి దేశంలో మన్నన బాగానే దక్కింది. కెవిన్ మస్కట్ ట్రోఫీలు ఎక్కువే, చైనా క్లబ్బు షాంఘై పోర్ట్‌తో 2024లో లీగ్, కప్ రెండూ గెలిచాడు. కానీ అది అంతకు ముందు ఏడాదే చాంపియన్ అయిన జట్టు. జో మోంటెముర్రో ఆర్సెనల్, యువెంటస్, లియాన్ మహిళా జట్లతో మూడు దేశాల లీగ్‌లు గెలిచాడు. మహిళల ఆటను నేను అంత దగ్గరగా చూడలేదు కాబట్టి అతడిని ఈ తూకంలోకి లాగను.

ఒక్క సీజన్‌కు ఒక్క ఓటు నా చేతిలో పెడితే 2014 పొపోవిచ్‌కు వేస్తాను. అది ఆసియా సమాఖ్య ఇచ్చేసింది, ఆ అప్పు తీరిపోయింది. ముప్పై ఏళ్ల పనికి ఇచ్చే గౌరవమైతే పోస్టెకోగ్లుకే, అక్కడ మాత్రం బాకీ చాలా ఉంది. తీర్చేవాళ్లు బిల్‌బావో ఫొటోతో సరిపెట్టకుండా, గోల్స్ తేడాతో గట్టెక్కిన 2018 పట్టికను కూడా ముందు పెట్టుకోవాలని నా కోరిక.