కడప బండల స్టాక్ యాప్‌లో పారామీటర్ అప్‌డేట్లు: శానా కాలం వాడినాక నా మాట

డేటాబేస్‌కు ఆజ్ఞలిచ్చే భాష ఎస్‌క్యూఎల్‌లో విలువల్ని ఆజ్ఞ రాసే అక్షరాల వరుసకు (స్ట్రింగ్‌కు) అతికించొద్దు, పారామీటర్లుగా, అంటే ఆజ్ఞలో ఖాళీ చోటు వదిలి విలువను విడిగా పంపండి అని ఎవర్నడిగినా చెప్తారు, ఎందుకంటే విలువలో సొంత ఆజ్ఞలు దూర్చే హ్యాకర్లు అంటారు. నిజమే గానీ మా ఎర్రగుంట్ల పక్క పాలిష్ ఫ్యాక్టరీల్లో హ్యాకర్ వచ్చేలోపే గుమాస్తా వస్తాడప్పా. మాకు అసలు లాభం సైజుల దగ్గర తెలిసింది.

బండల సైజు ఎట్లా రాస్తారు, 2'×2', 3'×1'6" అని కదా. ఆ అడుగుల గుర్తే ఎస్‌క్యూఎల్‌కు స్ట్రింగ్ ముగిసే గుర్తు. నాకంటే ముందు ఎవరో కట్టిచ్చిన సాఫ్ట్‌వేర్‌లో సైజు కొట్టి సేవ్ చేస్తే సింటాక్స్ ఎర్రర్ వచ్చేది, దాంతో ఒకాయన "2 అడుగులు" అని, ఇంకొకాయన గుర్తు తీసేసి 2×2 అని, మరొకాయన అంగుళాల లెక్కలో 24×24 అని కొట్టుకుంటా పోయినారు, ఒకటే బండ మూడు పేర్లతో స్టాక్‌లో కూచునింది. ఇప్పుడు క్లౌడ్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, ముంబై రీజియన్, అన్నీ విలువల చోట $1, $2 పెట్టిన స్టేట్‌మెంట్లే (ఆజ్ఞలే). స్టేట్‌మెంట్ టెక్స్ట్‌ను సర్వర్ విడిగా చదువుకుంటుంది, విలువలు వేరేగా వస్తాయి, అందులో కొటేషన్ ఉన్నా సెమీకోలన్ ఉన్నా అది ఉత్త డేటానే. ఒకటి గుర్తుపెట్టుకోండి, $1 చుట్టూ మీరే కొటేషన్లు పెడితే అది పారామీటర్ కాదు, డాలర్ గుర్తు ఉన్న మామూలు అక్షరాలు, అంతే.

నాకు బాగా నచ్చింది స్టాక్ తగ్గించే అప్‌డేట్. ముందు స్టాక్ చదివి, యాప్‌లో తీసివేసి, మళ్లీ రాయడం కాదు. స్టాక్‌లోంచి $1 తీసెయ్, లాట్ $2 అయ్యుండాలి, ఉన్న స్టాక్ $1 కంటే తక్కువ ఉండకూడదు అని ఒకటే స్టేట్‌మెంట్, చివర్న రిటర్నింగ్ పెడితే మిగిలిన చదరపడుగులు కూడా అదే చెప్తుంది. రెండు లారీలకు ఒకటే లాట్ నుంచి లోడింగ్ జరుగుతుంటే రెండో అప్‌డేట్ మొదటిది అయ్యేదాకా ఆగి, కొత్త స్టాక్ మీద షరతు మళ్లీ చూసుకుంటుంది. సున్నా వరుసలు మారినాయంటే సరుకు చాల్లేదనో, ఆ లాటే కలవలేదనో అర్థం. చదరపడుగుల కాలమ్ నంబర్ టైప్ కాబట్టి "120 చ.అ." అని ఎవరైనా పంపినా అక్కడే తిప్పికొడుతుంది.

విసుగు తెప్పించేది నల్, అంటే అక్కడ విలువే లేదని చెప్పే గుర్తు. కటింగ్‌లో మిగిలిన ముక్కలకు లాట్ నంబర్ ఉండదు, అప్పుడు $2 స్థానంలో నల్ పోతుంది, ఈక్వల్ గుర్తుతో నల్‌ను పోలిస్తే ఎప్పటికీ కలవదు, ఎర్రర్ కూడా రాదు, గమ్మున సున్నా వరుసలు. ఈక్వల్ తీసేసి ఈజ్ నాట్ డిస్టింక్ట్ ఫ్రమ్ రాస్తే సరిపోతుంది, పేరు పొడుగే, ఏం చేస్తాం.

టేబుల్ పేరు, కాలమ్ పేరు మాత్రం పారామీటర్‌గా పోవు. ఏ కాలమ్ మార్చాలో స్క్రీన్ నుంచి వస్తుంటే, ఒప్పుకునే పేర్ల లిస్ట్ కోడ్‌లోనే పెట్టుకొని అందులోంచే తీసుకోవాల. శానా లాట్లను ఒకేసారి మార్చాలంటే ఈక్వల్ ఎనీ $1 అని లాట్ నంబర్లన్నీ ఉన్న ఒకే అర్రే (విలువల జాబితా) పంపుతా.

సంవత్సరం సరుకు ఒకేసారి ఎక్కించేటప్పుడు లిమిట్ తగులుతుంది, ఒక స్టేట్‌మెంట్‌కు 65535 పారామీటర్లే, పారామీటర్లు ఎన్నో సర్వర్‌కు చెప్పే చోటు 16 బిట్లే కాబట్టి. 12 కాలమ్‌లంటే 5461 వరుసలు దాటవు. అర్రేను వరుసలుగా విప్పే అన్‌నెస్ట్‌తో కాలమ్‌కు ఒక అర్రే పంపితే ఆ గొడవే లేదు, 12 పారామీటర్లే.

ఇంగ పూలర్ సంగతి, అంటే కొన్ని డేటాబేస్ కనెక్షన్లనే అందరికీ పంచే మధ్యవర్తి ప్రోగ్రాం. కనెక్షన్లు మిగుల్చుకునేదానికి పీజీబౌన్సర్ అనే పూలర్‌ను ట్రాన్సాక్షన్ మోడ్‌లో (ఒక్కో ట్రాన్సాక్షన్‌కు ఏదో ఒక కనెక్షన్ ఇచ్చే పద్ధతిలో) పెట్టుకుంటే, పేరు పెట్టి సర్వర్‌లో ముందే ప్రిపేర్ (సిద్ధం) చేసిన స్టేట్‌మెంట్ ఒక కనెక్షన్‌లో ఉండి మన రిక్వెస్ట్ ఇంకో కనెక్షన్‌కు పోతుంది, అప్పుడు ఆ పేరుతో స్టేట్‌మెంట్ లేదంటాది, లేకుంటే ఇప్పటికే ఉందంటాది. అది చూసి పారామీటర్లే పడవు అని మళ్లీ స్ట్రింగ్ అతికించేవాళ్లను చూసినా, అది తప్పు దారి. 2023లో వచ్చిన 1.21 వెర్షన్ నుంచి పీజీబౌన్సర్ దీన్ని సపోర్ట్ చేస్తుంది, దానికుండే సెట్టింగ్ ఆన్‌లో ఉండాల అంతే. మీ క్లౌడ్‌లో అంతకంటే పాతది ఉంటే యాప్‌ను డేటాబేస్‌కు కలిపే డ్రైవర్‌లో పేరు పెట్టి ప్రిపేర్ చేసేది ఆపేయండి, $1, $2 మామూలుగానే పోతాయి.