ధాత కరువు ఉత్తరాల రీప్రింట్: లోపలి సరుకుకి 5 స్టార్లు, అచ్చుకి 2

ఆన్‌లైన్‌లో పాత పుస్తకాలు రీప్రింట్ వేసే ఒకళ్ల దగ్గర 1,450 రూపాయలు పెట్టి తెప్పించుకున్నా, వాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. 1876-78 కరువు టైంలో మద్రాసు గవర్నరుకీ వైస్రాయి ప్రభుత్వానికీ లండన్‌లో ఇండియా వ్యవహారాలు చూసే మంత్రికీ మధ్య నడిచిన ఉత్తరాలు, టెలిగ్రాములు, అప్పట్లో బ్రిటిష్ పార్లమెంటు ముందు పెట్టడానికి అచ్చేసినవి. వాటినే స్కాన్ తీసి ఆర్డరొచ్చినప్పుడు ఒక్కో కాపీ కొట్టి పంపిస్తున్నారు. మాది గుత్తి పక్కన పల్లె. మా అవ్వ ఈ కరువుని ధాత కరువు అనేది (ధాత అంటే ఆ తెలుగు సంవత్సరం పేరు), మా ఊరి చెరువు కట్ట ఆ కరువులో సర్కారు కూలిచ్చి చేయించిన పనుల్లో వేసిందేనని వాళ్ల అవ్వ చెప్పేదంట. అందుకే కొన్నా.

లోపల ఉన్నది మాత్రం మామూలుది కాదండీ. మొదట్లో ఆఫీసు భాష, ప్రతి పేరాకీ నంబరు, "తమ ఆజ్ఞ ప్రకారం" లాంటి మర్యాదలు, చాలా బోర్ కొడుతుంది, కానీ ఓ యాభై పేజీలు ఓపిక పడితే అసలు గొడవ అర్థమవుతుంది. మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ (మన పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా పోయే కాలవకి పేరు ఈయనదే), వైస్రాయి లిట్టన్. 1876 చివర్లో మద్రాసు ప్రభుత్వం పైవాళ్లకి చెప్పకుండా 30,000 టన్నుల ధాన్యం కొనేసింది, ధాన్యం వ్యాపారంలో సర్కారు చెయ్యి పెట్టకూడదని పైనుంచి అభ్యంతరం. తర్వాత 1877 జనవరిలో ఖర్చు తగ్గించమని రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని పంపారు. ఈయనే 1874లో బీహార్ కరువప్పుడు బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని కాపాడి, ఎక్కువ ఖర్చు పెట్టాడని మాటలు పడ్డ మనిషి. ఇక్కడికొచ్చి, కరువు పనుల్లో కూలి చేసే మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలన్నాడు. పౌనంటే అరకేజీ కూడా కాదు, పొద్దంతా మట్టి తవ్వి మోసేవాడికి!

అక్కడి నుంచి నేను పుస్తకం కింద పెట్టలేదు. మద్రాసు శానిటరీ కమిషనర్ (జనం ఆరోగ్యం చూసే పై అధికారి) కార్నిష్ అనే డాక్టరు ఒప్పుకోలేదు, కనీసం పౌనున్నర కావాలి, పప్పు కూడా ఉండాలి అని వాదించాడు, టెంపుల్ జవాబిస్తాడు, మళ్లీ ఈయన రాస్తాడు. ఆ అర పౌను గురించి కాగితాలు అటూ ఇటూ తిరుగుతుంటే అవతల బళ్లారి, కర్నూలు, కడప పనుల దగ్గర మనుషులు నీరసించిపోతున్నారు. చదువుతుంటే నాకు కోపం ఆగలేదు. కొన్నాళ్లకి గానీ మద్రాసు ప్రభుత్వం కూలి కొంచెం పెంచలేదు. 1877 ఆగస్టులో బకింగ్‌హామ్ ఇంగ్లండు జనాన్ని నేరుగా సాయం అడిగితే 6 లక్షల పౌండ్లు దాటి చందాలొచ్చాయి. మొత్తం ఈ కరువులో ఒక్క బ్రిటిష్ ఏలుబడిలోనే 55 లక్షల మంది దాకా పోయారని అంచనా.

ఇంత విలువైన సరుకుని ఎంత నిర్లక్ష్యంగా అచ్చేశారంటే, అసలు పుస్తకం పెద్ద సైజు, దాన్ని నోట్‌బుక్ అంత చేసేసరికి ఫుట్‌నోట్లు చీమల్లా ఉన్నాయి. మడతపెట్టిన పట్టికలని విప్పకుండానే స్కాన్ తీశారు, బళ్లారి జిల్లా పట్టికలో సగమే కనబడుతుంది, నాకు కావాల్సిందే అది. రెండు చోట్ల పేజీలు రిపీట్. మెయిల్ పెడితే స్కాన్‌లో ఉన్నదే వేశాం అన్నారు, డబ్బులు వెనక్కి రాలేదు. బైండింగ్ మాత్రం గట్టిగానే ఉంది.

కొనేవాళ్లకి ఒక మాట, వెనక ఇండెక్స్‌లో అనంతపురం జిల్లా అని వెతక్కండి, ఆ జిల్లా 1882లో ఏర్పడింది, అప్పటికి గుత్తి, పెనుకొండ, ధర్మవరం అన్నీ బళ్లారి కిందే. ఒంగోలు వాళ్లు నెల్లూరు కింద, చిత్తూరు వాళ్లు ఉత్తర ఆర్కాటు కింద చూడాలి. స్పెల్లింగులు కూడా పాతవి, నాకు మా తాలూకా దొరకడానికే ఒక సాయంత్రం పట్టింది.

ఇలాంటి పాత రిపోర్టులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఫ్రీగా చాలానే ఉంటాయి, ముందు అక్కడ వెతికి అప్పుడు డబ్బులు పెట్టండి. నేను తర్వాత వేరే స్కాన్ ఒకటి పట్టుకున్నా, అందులో పట్టికలు విప్పే ఉన్నాయి, జిరాక్స్ షాపులో ఏ3 సైజులో తీయించి మడిచి ఆ పేజీల మధ్య అంటించా. ఇప్పుడు బళ్లారి పట్టిక చివరి గడి దాకా చదవొస్తోంది.