మా ఊరి థండర్‌బోల్ట్ సైరన్: ఉంచాలా, దించాలా?

షికాగోకు పడమటి శివార్లలో ఉన్న మా పట్టణంలో, ఫైర్ స్టేషన్ వెనుక స్తంభం మీద, ఒక థండర్‌బోల్ట్ సైరన్ ఇప్పటికీ పనిచేస్తోంది. సోవియట్ బాంబర్లు ఏ క్షణాన వచ్చి పడతాయోనని అమెరికా పట్టణాలు భయపడుతున్న కాలంలో, 1952లో, ఈ మోడల్‌ను షికాగోకు చెందిన సంస్థే తయారు చేసి అమ్మకానికి పెట్టింది. ఆ సంస్థే నేటి ఫెడరల్ సిగ్నల్. ఈ పాతదాన్ని దించేసి కొత్త సైరన్ పెట్టాలన్న ప్రతిపాదన మా ఊళ్లో చర్చకు వచ్చింది. ఆ చర్చలో దీన్ని తుప్పుపట్టిన ఇనుముగా కొట్టిపారేసేవారూ, ఊరి జ్ఞాపకంగా వెనకేసుకొచ్చేవారూ కనిపిస్తున్నారు తప్ప, దీని పనితనం ఎంతో తూచి చెప్పేవారు కనిపించడం లేదు. అందుకే ఈ సమీక్ష రాస్తున్నాను.

మామూలు మోటారు సైరన్‌లో గిర్రున తిరిగే చక్రమే గాలిని పీల్చి, కంతల గుండా ముక్కలు ముక్కలుగా బయటికి తోసి, ధ్వనిని పుట్టిస్తుంది. థండర్‌బోల్ట్‌లో ఈ రెండు పనులనూ విడదీశారు. నేల మీది పెట్టెలో ఉన్న రూట్స్ బ్లోయర్ గాలిని ఒత్తిడితో గొట్టం ద్వారా పైకి పంపుతుంది. పైనున్న చక్రం ఆ గాలిని కోస్తుంది. ముందున్న పెద్ద కొమ్ము ఆ ధ్వనిని ఒకే దిక్కుకు కూడగట్టి, తాను మెల్లగా చుట్టూ తిరుగుతూ ఊరంతటికీ పంచుతుంది. గాలిని పీల్చే భారం లేనందున చక్రానికి చిన్న మోటారే సరిపోతుంది. అయినా 100 అడుగుల దూరంలో మోత దాదాపు 125 డెసిబెళ్లు ఉంటుంది. రెండు స్వరాల మోడళ్లలో చక్రానికి ఒక వరుసలో 5, మరో వరుసలో 6 కంతలు ఉండటం వల్ల రెండు స్వరాలు 5:6 నిష్పత్తిలో ఒకేసారి పలుకుతాయి. కర్ణాటక సంగీతం తెలిసినవారికి అది షడ్జమానికీ సాధారణ గాంధారానికీ మధ్య ఉన్న దూరమే.

ఇల్లినాయ్‌లో ప్రతి నెలా మొదటి మంగళవారం ఉదయం 10 గంటలకు సైరన్లను పరీక్షిస్తారు. ఆ వేళకు ఫైర్ స్టేషన్ పక్క వీధిలో నిలబడితే ఈ యంత్రం తీరు బాగా తెలుస్తుంది. ముందు కింది పెట్టెలోంచి బ్లోయర్ గురగురలాడుతుంది. ఆ తరువాత పైనుంచి లోతైన మూలుగు మొదలై, కొన్ని సెకన్లలోనే పైస్థాయికి ఎగబాకి నిలుస్తుంది. కొమ్ము మనవైపు తిరిగినప్పుడు ధ్వని ఛాతీకి తగులుతుంది, అటు తిరిగినప్పుడు ఇళ్ల గోడల మీదుగా ప్రతిధ్వనిగా వస్తుంది. విద్యుత్తు ఆపాక కూడా చక్రం వెంటనే ఆగదు. స్వరం జారుతూ జారుతూ చాలాసేపు వినిపిస్తుంది. ఎలక్ట్రానిక్ సైరన్లు స్పీకర్లలోంచి అనుకరించే ధ్వనిలో ఈ నిండుదనం నాకు ఎప్పుడూ వినబడలేదు.

అదే కాలంలో క్రిస్లర్ సంస్థ తయారుచేసిన సైరన్ దీనికంటే చాలా పెద్దది. 180 అశ్వశక్తుల వీ8 ఇంజిన్‌తో నడిచే ఆ సైరన్ 100 అడుగుల దూరంలో 138 డెసిబెళ్ల మోత మోగించేది. మహానగరాలకు అది తగినదే గానీ, పెట్రోలు పోసి కారు ఇంజిన్‌లా సంరక్షించవలసిన యంత్రాన్ని చిన్న శివారు పట్టణం భరించలేదు. కరెంటుతో, ఒక మీటతో నడిచే థండర్‌బోల్ట్ అలాంటి ఊళ్లకు సరిపడిన సాధనం.

పైగా ఇది ఒక్క యుద్ధం కోసం చేసిన వస్తువు కాదు. 1003 అనే మోడల్ మూడు సంకేతాలు ఇవ్వగలదు: నిలకడగా సాగే హెచ్చరిక, హెచ్చుతగ్గులతో ఏడ్చే దాడి సంకేతం, రెండు స్వరాలు ఒకదాని తరువాత ఒకటిగా పలికే అగ్నిప్రమాద సంకేతం. స్వచ్ఛంద అగ్నిమాపక దళాలున్న ఊళ్లలో వడ్రంగి, దుకాణదారు, బడిపంతులు చేతిలో పని వదిలి ఫైర్ స్టేషన్‌కు పరిగెత్తింది ఇటువంటి మోత వినే. 1970ల నుంచి పేజర్లు వచ్చాక ఆ అవసరం తగ్గింది. తూర్పు రాష్ట్రాల్లో కొన్ని ఊళ్లు మాత్రం ఆ పద్ధతిని వదులుకోలేదు.

అయితే సైరన్ విలువ దాని మోతలో కన్నా, ఆ మోతకు ఊరివాళ్లు ఇచ్చే అర్థంలో ఉంది. 1959 సెప్టెంబరు 22 రాత్రి వైట్ సాక్స్ బేస్‌బాల్ జట్టు లీగ్ గెలిచిందన్న ఆనందంలో షికాగో ఫైర్ కమిషనర్ రాబర్ట్ క్విన్ నగరంలోని విమానదాడి సైరన్లను 5 నిమిషాలపాటు మోగించారు. రష్యన్లు వచ్చేశారనుకుని జనం హడలిపోయారు. ఇటువంటి పనులు సైరన్ మీద నమ్మకాన్ని తినేస్తాయి. బాంబర్లు రాలేదు గానీ టోర్నడోలు వస్తూనే ఉన్నాయి కనుక, 1960ల నుంచి ఈ సైరన్లకు టోర్నడో హెచ్చరిక పని అప్పగించారు. 1965 మే 6న మినియాపొలిస్ పరిసరాల్లో టోర్నడోలు విరుచుకుపడినప్పుడు వీటిని మోగించారు. మోత సకాలంలో రాకపోతే ఏమవుతుందో చెప్పడానికి మాకు దగ్గరలోని ప్లెయిన్‌ఫీల్డ్ చాలు. 1990 ఆగస్టు 28న అక్కడ ముందస్తు హెచ్చరిక లేకుండా, తీవ్రతలో అన్నిటికంటే పై స్థాయి అయిన ఎఫ్5 టోర్నడో వచ్చి 29 మందిని బలిగొంది. 2021 జూన్ 20 రాత్రి 11 గంటలు దాటాక, తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే నేపర్‌విల్ మీదుగా, ఆ కొలమానపు సవరించిన రూపంలో 3వ స్థాయిదైన ఈఎఫ్3 టోర్నడో వెళ్లింది.

రాత్రివేళ ఇంట్లో పడుకున్నవారికి వినబడుతుందా అన్నదే ఈ సైరన్‌కు అసలైన పరీక్ష. అక్కడ దీనికి తక్కువ మార్కులే వేయాలి. దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 10 డెసిబెళ్లు తగ్గుతాయన్నది సైరన్లు అమర్చేవారి లెక్క. ఆ ప్రకారం 100 అడుగుల దగ్గర 125 ఉన్న మోత మైలు దూరానికి వచ్చేసరికి 70 లోపుకు పడిపోతుంది. రెండు పొరల అద్దాల కిటికీలు బిగించి, ఏసీ నడుస్తున్న పడకగదిలోకి అందులో చేరేది నామమాత్రమే. ఇది యంత్రంలోని లోపం కాదు. ఆరుబయట ఉన్నవారిని లోపలికి పంపడానికే దీన్ని పెట్టారు, ఆ పనిలో దీనికి సాటి లేదు. పార్కులో ఆడుకుంటున్న పిల్లల జేబులో ఫోను ఉండదు, ఈత కొలను గట్టున ఫోను పక్కన పెట్టినవారూ ఉంటారు. వాళ్లందరికీ ఇదే దిక్కు.

నిజమైన లోపాలు రెండు. మొదటిది, పాత థండర్‌బోల్ట్ నేరుగా కరెంటు మీద నడుస్తుంది. గాలివానకు తీగలు తెగితే సరిగ్గా కావలసిన వేళకే మూగబోతుంది. బ్యాటరీలతో నడిచే ఫెడరల్ 2001 వంటి తరువాతి మోడళ్లకు ఆ ఇబ్బంది లేదు. రెండోది విడిభాగాలు. దీని తయారీ ఆగిపోయి మూడు దశాబ్దాలు దాటింది. బేరింగులకు గ్రీజు, బ్లోయర్‌కు నూనె, బెల్టులు, తిరిగే కొమ్ముకు కరెంటు అందించే బ్రష్‌లు, వీటన్నింటినీ ఏటా చూసుకునే ఓపికా నైపుణ్యమూ ఉన్న మెకానిక్ దొరకాలి. మా ఊరి సైరన్‌కు అటువంటివారు ఉన్నారు కనుకే అది ఈనాటికీ గొంతెత్తుతోంది.

మన కుటుంబాల గురించి ఒక మాట చెప్పాలి. 1971 యుద్ధకాలంలో విశాఖలో దీపాలార్పుకొని గడిపిన పెద్దలకు, 2025 మే 7న హైదరాబాద్‌లో మాక్ డ్రిల్ సైరన్లు విన్నవారికి ఈ మోత అంటే యుద్ధమే గుర్తొస్తుంది. ఇక్కడికి వచ్చిన అమ్మానాన్నలు మంగళవారం పొద్దున ఇంట్లో ఒంటరిగా ఉండి ఈ మోత విని బెంబేలెత్తుతారు. లేదా పరీక్ష మోతకు అలవాటుపడి, నిజమైన రోజున సోఫాలోంచి లేవరు. నెలలో మొదటి మంగళవారం 10 గంటలకు ఆకాశం తేటగా ఉంటే అది పరీక్ష అనీ, మరెప్పుడు మోగినా వెంటనే బేస్‌మెంట్‌లోకి వెళ్లాలనీ, బేస్‌మెంట్ లేకపోతే కిటికీలు లేని లోపలి గదిలోకి వెళ్లాలనీ తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. వాతావరణ హెచ్చరికలు వినిపించే, బ్యాటరీతో నడిచే వెదర్ రేడియో ఒకటి పడకగదిలో ఉంచండి.

ధ్వనికీ దృఢత్వానికీ ఐదుకు ఐదు, కరెంటు లేని వేళకు ఐదుకు ఒకటి ఇస్తాను. పాలకమండలికి నా విన్నపం ఇది: బ్యాటరీ సైరన్లు కొనండి, వాటిని ముందుగా ఊరి అంచుల్లో కొత్తగా వెలసిన కాలనీల్లో పెట్టండి. మధ్యలో ఉన్న థండర్‌బోల్ట్‌ను దించకుండా, దానికొక జనరేటర్‌ను జతచేసి, ఏటా సర్వీసింగ్‌కు బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు రాయండి.