సిపదాన్‌లో తెల్లవారుజామున బంప్‌హెడ్‌ల మంద

మలేషియాలోని సబా రాష్ట్రంలో, సెలెబీస్ సముద్రపు అడుగు నుంచి సుమారు 600 మీటర్ల ఎత్తుకు లేచిన సిపదాన్ దీవికి మేము ముఖ్యంగా ఒక్క చేపను చూడడానికే వెళ్లాము. అది బంప్‌హెడ్ పారట్‌ఫిష్, చిలుకచేపలన్నింటిలోకీ పెద్దది. దీవి మీది రిసార్టులను 2004 చివరికల్లా ఖాళీ చేయించారు కాబట్టి రాత్రి బస సెంపోర్నా పట్టణంలోనో, మాబుల్ దీవిలోనో చేయవలసిందే. సిపదాన్‌లో దిగడానికి రోజుకు కొందరికే అనుమతి ఇస్తారు. మాకు రెండు రోజులకు దొరికింది.

మొదటి రోజు సెంపోర్నా నుంచి బయలుదేరాము. అక్కడ గది చవక, భోజనానికి లోటు లేదు, కాని పడవలో గంట ప్రయాణం కావడంతో చేరేసరికే పొద్దెక్కింది, మంద కనబడలేదు. తరువాత మాబుల్‌లో నీటిమీద కట్టిన చెక్కగదికి మారాము. అద్దె దాదాపు రెట్టింపు, స్నానానికి నీళ్లు సన్నగా వచ్చేవి, అయినా చీకటి ఉండగానే పడవ ఎక్కగలిగాము.

సిపదాన్‌లో డైవింగ్ చేసే చోట్లలో ఒకటైన బరాకుడా పాయింట్ దగ్గర పన్నెండు మీటర్ల లోతులో ముందుగా వినిపించింది చప్పుడు, రాళ్లు నూరుతున్నట్టు. ఆ తరువాత నీలిమసకలోంచి ముప్పైకి పైగా చేపలు, మేతకు కదిలిన గేదెల మందలా, తొందర లేకుండా వచ్చాయి. ఒక్కొక్కటి మీటరు దాటిన పొడవు, ఉబ్బిన నుదురు, బయటికి కనిపించే చిలుకముక్కులాంటి పళ్లు. పగడాన్ని కొరికి నమిలి, వెనుక నుంచి తెల్లని ఇసుకగా విడిచిపెడుతూ సాగిపోయాయి. ఒక్క పెద్ద చేప ఏడాదికి 5 టన్నులకు పైగా పగడపు రాతిని ఇలా అరగదీస్తుందని అంచనా.

ఇంత దిట్టమైన చేప రాత్రిళ్లు లోతు తక్కువ నీటిలో గుంపుగా నిద్రపోతుంది, అందువల్ల టార్చిలైటుతో, ఈటెతో వచ్చే వేటగాళ్లకు సులువుగా చిక్కుతుంది. ఎదగడానికి ఏళ్లు పట్టే జాతి కనుక పోయిన మందలు త్వరగా తిరిగి పెరగవు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్ర జాబితా దీనిని ముప్పు పొంచి ఉన్న జాతిగా లెక్కిస్తుంది.

మా గైడ్ మమ్మల్ని అడుగును తాకనివ్వకుండా, మందకు అడ్డం రాకుండా ఒక పక్కన నిలిపాడు. అవి మా చుట్టూనే పది నిమిషాల వరకు మేశాయి. ఇంతలో వేరే బృందంలోని ఒకాయన ఫ్లాష్ వెలిగిస్తూ ఎదురుగా ఈదడంతో మంద ఒక్కసారిగా నిటారుగా దిగే పగడపు గోడ అంచు దాటి లోతుకు దిగిపోయింది. ఆయనను వారించవలసిన వాళ్ల గైడ్ పక్కనే ఉండి ఊరుకోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

డైవ్ సెంటర్‌ను ఎంచుకునేటప్పుడు గది, భోజనం కంటే ముందు, ఒక్కో గైడ్ వెంట ఎందరిని పంపుతారో, తెల్లవారుజామున పడవ ఉందో లేదో అడగండి. మా గైడ్ వెంట ముగ్గురమే ఉన్నాము.